ఇంధనమున మితము – లోభమా? ధర్మమా?

అగ్ని దేవతలకు ముఖమని వేదవేత్తలు చెప్పుదురు. గృహమున పొయ్యియందును, ఆలయమున తిరుమడపల్లియందును, యాగశాలలో వేదియందును వెలుగునది ఒక్కటే అగ్ని. అయినను ఈ మూడు చోట్ల అగ్నిని సేవించు తీరు ఒక్కటి కాదు. ఈ భేదమును గుర్తింపకపోవుటచే ఆస్తికజనులలో ఒక సందేహము తరచు పొడసూపుచుండును. స్వామి నైవేద్యమునకు వండునపుడు కట్టెలు లెక్కించుట, ఊక తూచుట, ఎసరు మరిగినంతనే మంట తగ్గించుట భక్తికి తగిన పనులేనా? దైవకార్యమున సైతము పొదుపు చూచువాడు లోభి కాడా? ఇదియే ఆ సందేహము. చూచుటకు చిన్నదిగా తోచినను, దీని మూలము చాల లోతైనది.

ముందుగా పూర్వపక్షమును దాని బలముతోనే చెప్పవలెను. భక్తుడు లెక్క చూడడు. తల్లి బిడ్డకు పాలిచ్చునపుడు కొలపాత్ర పట్టదు. యజ్ఞమున నేయి ధారగా పోయుదురే కాని చుక్కలుగా రాల్చరు. దీపోత్సవమున వత్తులను తగ్గించుట ఎవ్వరును మెచ్చరు. అట్టిచో స్వామికి అన్నము వండు పొయ్యి దగ్గర మాత్రము కట్టెల లెక్క యెందులకు? లెక్క మొదలైన చోట ప్రేమ తరుగునని పెద్దలలోనే కొందరు భావింతురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ఆలయములందు పొదుపు పేరిట నైవేద్యపు పరిమాణమును తగ్గించిన సందర్భములు విన్నవారికి ఈ భయము సహజమే.

ఇందులో మొదట విడదీయవలసినది ఒకటి గలదు. హోమమున అగ్నిలో వేయు వస్తువే సమర్పణము. అచ్చట సమిధ కాలుటయే దాని ప్రయోజనము. వంట పొయ్యిలో అట్లు కాదు. అచ్చట సమర్పణము కుండలోని అన్నము. కట్టె దానికి సాధనము మాత్రమే. సాధనము సాధ్యమునకు ఎంత కావలెనో అంతే విలువ గలది. సమిధను తగ్గించిన హోమము కొరత పడును. కాని అన్నము చక్కగా ఉడికిన పిమ్మట పొయ్యిలో మిగిలి మండిన కట్టె వలన ఆ అన్నమునకు కలుగు విశేషమేమియు లేదు. హోమధర్మమును వంట పొయ్యికి అంటగట్టుటయే ఈ సందేహమునకు మొదటి కారణము.

గోదావరి మండలమున ఈ విషయమును తెలిసికొనుటకు గ్రంథములను వెదుకనక్కరలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటి నుండి ఈ డెల్టా వరికి పుట్టినిల్లయినది. వరి యున్నచోట ఊక యుండును. నూరు కిలోల ధాన్యము దంచినచో సుమారు ఇరువది కిలోల ఊక వచ్చును. కోనసీమలో కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు, మెట్ట ప్రాంతమున కంపయు, తాటి మట్టలును, సముద్రతీరమున సరుగుడు, ఊరూర పిడకలు. ఇట్లు ఈ నేల ఇల్లాండ్రకు ఇచ్చిన ఇంధనములు అనేకములు. ఒక్కొక్క ఇంధనము గుణము ఒక్కొక్క విధము. కొబ్బరి ఆకు భగ్గున మండి క్షణములో చల్లారును. సరుగుడు నిలకడగా మండును. పిడక నెమ్మదిగా కాగును. పాలు కాచుటకు, పప్పు మగ్గించుటకు తగినది. ఊక అన్నిటికంటె మొండిది. దానిలో ఇసుక వంటి సిలికా పదార్థము మిక్కిలిగా ఉండుటచే గాలి సరిగా అందనిదే లోపలి బొగ్గు కాలదు.

ఆ మొండి ఊకను మండించుటకు ఈ ప్రాంతపు ప్రజలు పొట్టు పొయ్యిని వాడిరి. రేకు డబ్బా వంటి పొయ్యి నడుమ గుండ్రని కర్రనో సీసానో నిలిపి, చుట్టును ఊకను గాని రంపపు పొట్టును గాని కూరి, కర్రను మెల్లగా పైకి లాగుదురు. నడుమ ఏర్పడిన బిలము పొగగొట్టమువలె పనిచేయును. క్రింది రంధ్రము గుండా గాలి వచ్చి నిప్పును పైకి కొనిపోవును. చూచుటకు సులభమే. కాని క్రొత్తగా చేపట్టినవారికి మొదటి దినములలో ఈ పొయ్యి ఏడ్పే మిగుల్చును. పొట్టును మిక్కిలి గట్టిగా కూరినచో గాలి ఆడక పొగ కమ్మును. వదులుగా కూరినచో బిలము కూలి నిప్పు ఆరును. క్రింది రంధ్రమును పూర్తిగా తెరచినచో పొట్టు వేగముగా కాలి, పప్పు ఉడుకకముందే పొయ్యి ఖాళీ యగును. ఒక ఇటుక ముక్కతో ఆ రంధ్రమును ఎంత మూయవలెనో, ఎప్పుడు మూయవలెనో తెలిసిన ఇల్లాలికి ఒక్క కూర్పుతోనే వంట పూర్తియగును. ఈ తెలివి పుస్తకమున దొరకదు. పది దినములు పొయ్యి ముందు కూర్చుండి, కన్ను తెరచి చూచినవారికే అబ్బును.

ఆత్రేయపురమున పూతరేకులు చేయు స్త్రీలను చూచినను ఇదియే తెలియును. బోర్లించిన కుండపై పలుచని పిండిని గుడ్డతో ఒక్కసారి లాగుదురు. కుండ వేడి కొంచెము ఎక్కువైనచో రేకు మాడును. తక్కువైనచో కుండను విడువదు. అందుచే వారు మొద్దు కట్టెలను వాడక, ఎండుటాకు వంటి తేలిక ఇంధనమును కొంచెము కొంచెముగా క్రింద అందించుచుందురు. ఆ చేయి లోభి చేయి అని ఎవ్వరును అనరు. ఆ మితము లేనిదే ఆ రేకు లేదు. ఆ పూతరేకులకే 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇప్పుడు ఈ విషయము శీతలదేశములందు మరియొక రూపమున కనబడుచున్నది. అమెరికాలోని ఉత్తర రాష్ట్రములందును, ఐరోపాలోని పలు దేశములందును ఇండ్లను వెచ్చబరచుకొనుటకు పెల్లెట్ స్టవ్ అను గుళికల పొయ్యి వాడుకలో నున్నది. రంపపు పొట్టును మిక్కిలి ఒత్తిడితో చిన్న గుళికలుగా చేయుదురు. వానిలో తేమ నూటికి పది పాళ్ల కంటె తక్కువ. మర చుట్ట వంటి యంత్రము ఆ గుళికలను కొంచెము కొంచెముగా నిప్పుగిన్నెలో వేయును. రెండు బ్లోయరులుండును. ఒకటి మంటకు గాలి నందించును. రెండవది పుట్టిన వేడిని గదిలోనికి పంపును. అమెరికాలో గుళికలను సుమారు 18 కిలోల సంచులలో అమ్ముదురు. గంటకు అర కిలో చొప్పున వేసినచో ఆ సంచి ఒకటిన్నర దినము వచ్చును. గంటకు రెండు కిలోల చొప్పున వేసినచో తొమ్మిది గంటలలో ముగియును.

ఆ పొయ్యిని క్రొత్తగా కొన్నవారు చేయు పొరపాట్లును పొట్టు పొయ్యి పొరపాట్లే. గది చల్లగా నున్నదని గుళికలను మాత్రమే పెంచుదురు. గాలి చాలక మంట పొడవై, ఎఱ్ఱబడి, కొస నల్లబారి, మసి పట్టును. పిదప భయపడి గాలిని మిక్కిలిగా పెంచుదురు. అప్పుడు మంట పొట్టిదై, తెల్లబడి, బుసకొట్టును. సగము కాలిన గుళికలు గిన్నె నుండి ఎగిరిపడును. వేడి పొగగొట్టము గుండా బయటికి పోవును. కొందరు గదికి వేడిని పంపు బ్లోయరును మందముగా నుంచి, వేడి చాలదని ఇంధనమును పెంచుచుందురు. పుట్టిన వేడి లోపలికి రాక ఆకాశమునకు పోవుచున్నదని వారు ఎరుగరు. కొన్ని వారములు గడచిన పిమ్మట, సంచులను లెక్కించి, మంట రంగును చూచి, బూడిదను పరీక్షించి, ఇంధనమును గాలిని ఒకదానితో ఒకటి సరిపెట్టుట నేర్చుకొందురు. కోనసీమ ఇల్లాలు ఇటుక ముక్కతో నేర్చిన పాఠమును వారు మీటతో నేర్చిరి. యంత్రము మారినను పాఠము మారలేదు.

ఈ పాఠమునకు కారణము పదార్థ స్వభావమందే గలదు. ఒక కిలో ఎండు కట్టె పూర్తిగా కాలుటకు సుమారు ఆరు కిలోల గాలి కావలెను. అనగా కంటికి కనబడు కట్టె కంటె కనబడని గాలియే పొయ్యిలో ఎక్కువగా వ్యయమగుచున్నది. పచ్చి కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. ఆ నీరంతయు ఆవిరియై పోవువరకు మంటకు బలము రాదు. మరియొక సంగతి. ఎసరు మరుగుట ఆరంభించిన పిమ్మట, మూత తెరచిన పాత్రలో నీటి వేడి సుమారు నూరు డిగ్రీల వద్దనే నిలుచును. ఆపై మంట నెంత పెంచినను బియ్యము అంతకంటె త్వరగా ఉడుకదు. నీరు మాత్రము త్వరగా ఆవిరియగును. మరుగుచున్న ఒక కిలో నీటిని ఆవిరిగా మార్చుటకే సుమారు 540 కిలోకెలోరీల వేడి పట్టును. మరిగిన ఎసరు క్రింద వేసిన అదనపు కట్టె స్వామి అన్నమునకు చేరక, ఆవిరియై పైకప్పునకు చేరినదన్నమాట. అదనపు కట్టెయే అదనపు భక్తి యనువారు ఈ ఒక్క విషయమును విచారింపవలెను.

శాస్త్రములును ఈ మితమును వేరొక ముఖమున చెప్పినవి. గీత పదునైదవ అధ్యాయమున భగవానుడు తాను ప్రాణుల దేహమున వైశ్వానరాగ్నియై యున్నానని చెప్పుచు, అన్నమును పచనము చేయుట ప్రాణాపానములతో కూడియే యని సెలవిచ్చెను. అగ్ని యొక్కటియే వండలేదు. వాయువు తోడు కావలెను. ఆయుర్వేదము జఠరాగ్నిని నాలుగు విధములుగా విభజించినది. వాతము ప్రకోపించినచో విషమాగ్ని. ఒకప్పుడు మండును, ఒకప్పుడు ఆరును. పిత్తము వలన తీక్ష్ణాగ్ని. ఇది దేహధాతువులనే దహించును. కఫము వలన మందాగ్ని. మూడును సమముగా నున్నపుడు సమాగ్ని. ఇది ఒక్కటే ఆరోగ్యము. ఈ నాలుగును పొయ్యిలో ప్రత్యక్షముగా చూడవచ్చును. పచ్చి కట్టె నింపిన పొయ్యి మందాగ్ని. ఎడతెగక ఇంధనము త్రోసిన పొయ్యి తీక్ష్ణాగ్ని. ఒకసారి ఊది ఒకసారి మరచిన పొయ్యి విషమాగ్ని. దేహమున మితాహారము ధర్మమైనపుడు, పొయ్యికి మితేంధనము లోభమెట్లగును?

అగ్నిదేవునికే అజీర్ణము కలిగిన కథ మహాభారతమున ఆదిపర్వమందు ఖాండవదహన ఘట్టమున ఉన్నది. శ్వేతకి అను రాజు పండ్రెండేండ్ల సత్రమున ఎడతెగని ఘృతధారలతో అగ్నిని తృప్తిపరచగా, ఆ అగ్ని తేజస్సు కోల్పోయి, అరుచి కలిగి, బ్రహ్మను శరణు చొచ్చెను. ఖాండవవనమును దహించుటయే ఆ వ్యాధికి ఔషధమని బ్రహ్మ తెలిపెను. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమందు నన్నయభట్టారకుడు తెనిగించిన పర్వములలో మొదటిది ఈ ఆదిపర్వమే. శ్వేతకి భక్తి దోషము గలది కాదు. అతని సంకల్పమును ఎవ్వరును నిందింపలేదు. అయినను శుద్ధమైన నేయి సైతము మితి మీరినపుడు గ్రహీతకు భారమైనది. ఆ భారము తీరుటకు ఒక మహావనమును, అందలి ప్రాణులును ఆహుతి కావలసివచ్చినది. ఇచ్చువాని మనస్సు మంచిదైనంత మాత్రమున ఇచ్చిన దాని ఫలము మంచిది కాజాలదని ఈ కథ నుండి గ్రహింపవచ్చును.

కట్టుబాటు తప్పిన అగ్ని యెట్లుండునో ఈ డెల్టా ప్రజలు 1995లో కన్నులార చూచిరి. ఆ యేడు జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద బావి నుండి గ్యాసు ఎగజిమ్మి నిప్పంటుకొని రెండు నెలలకు పైగా మండినది. పరిసరగ్రామముల ప్రజలు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. ఇండ్లలో నీలిమంటయై పాలు కాచునదియు ఆ గ్యాసు జాతియే. కట్టుబాటున ఉన్నది గృహదేవత. అది తప్పినది ప్రళయము.

ఇక ఈ ప్రశ్నలో ముఖ్యమైన అంశము మిగిలియున్నది. మనుస్మృతి గృహస్థునికి ఐదు హింసాస్థానములను చెప్పినది. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. వీనిలో మొదటిది పొయ్యి. కట్టెలో దాగిన చీమలు, పురుగులు మంటలో పడును. అందుచేతనే కట్టెను నేలకు కొట్టి దులిపి పొయ్యిలో పెట్టుట పెద్దల ఆచారము. ఆ పాపమునకు ప్రాయశ్చిత్తముగనే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. నోటితో నేరుగా నిప్పు ఊదరాదని కూడ ఆ స్మృతియే చెప్పినది. ఊదుగొట్టము, విసనకర్ర ఆ నిషేధమును పాటించుటకు వచ్చిన సాధనములు. దీని వలన ఒక మేలు కూడ కలిగినది. ఊదువారి ముఖము పొగకు కొంత దూరమైనది.

కొంతయే. పొగ పూర్తిగా తొలగలేదు. తరతరములుగా పొయ్యి ముందు కూర్చున్నది స్త్రీయే. వర్షాకాలమున తడిసిన కట్టెను ఊది ఊది కన్నులు ఎఱ్ఱబడినవి ఆమెవే. దగ్గుతో వార్ధక్యము గడపినదియు ఆమెయే. ఇండ్లలోని పొగ వలన 2020వ సంవత్సరమున లోకమంతట సుమారు 32 లక్షల మంది అకాలమృత్యువు పాలైరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము, దేశమంతట 2016లో ఉజ్వల పథకము వచ్చి ఎన్నో ఇండ్లకు గ్యాసు పొయ్యిని చేర్చినవి. అయినను గ్యాసు బండ ధరను చూచి కట్టెల పొయ్యిని విడువని ఇండ్లు నేటికిని గలవు. సరిగా కాలని ఇంధనమే పొగ. కనుక పొగ యనునది ఒకే వేళ రెండు నష్టములు చేయును. వస్తువును వ్యర్థము చేయును. వండువారి ఊపిరిని హరించును. ఇది తెలిసిన పిమ్మట, ఇంధనము మితము కేవలము ధనము పొదుపు కాదనియు, అది అహింసకు సంబంధించిన ధర్మమనియు తేలుచున్నది. ఒకరి కన్నీటితో ఉడికిన అన్నమును స్వామికి నివేదించి, ఆ కన్నీటిని గూర్చి విచారింపకుండుట ఏ విధమైన ఔదార్యము?

వైష్ణవసిద్ధాంతము ఈ విషయమున మరింత స్పష్టముగా నున్నది. సమస్తమును శ్రీమన్నారాయణునకు శేషభూతము. పొయ్యిలోని కట్టె వండువానిది కాదు, ధర్మకర్తది కాదు, స్వామి సొత్తు. తన సొత్తును వ్యర్థపరచిన వానిని లోకులు ఉదారుడని పొగడవచ్చును. కాని స్వామి సొత్తును వ్యర్థపరచిన కింకరుని ఉదారుడనుట ఎట్లు చెల్లును? పరుల ధనముతో చేసిన దుబారాకు ఔదార్యమను పేరు లేదు. పూర్వపక్షి తల్లిని దృష్టాంతముగా చూపెను. తల్లి పాలిచ్చునపుడు కొలపాత్ర పట్టని మాట నిజమే. కాని ఆమె బిడ్డ ముఖమును చూచుచుండును. చాలునన్న గుర్తు కనబడగానే ఆపును. కొలత పాత్రలో లేకున్నను ఆమె చూపులో నున్నది. మితము ప్రేమకు విరోధి యని పూర్వపక్షి తలచెను. ఆయన దృష్టాంతమే అది ప్రేమలోని భాగమని చూపుచున్నది.

అయినను పూర్వపక్షి భయమును పూర్తిగా కొట్టివేయరాదు. ధర్మము పేరిట లోభము వచ్చి కూర్చుండుట లోకమున క్రొత్త కాదు. కట్టెలు మిగిల్చితిమని చెప్పి సగముడికిన అన్నమును నివేదించువారు, ఖర్చు తగ్గించితిమని చెప్పి భక్తుని విస్తరిలో ఒక గరిటె తగ్గించువారు, వంటవాని జీతమున కోత పెట్టువారు మితపరులు కారు. అన్నదానము లేని యజ్ఞమును గీత పదునేడవ అధ్యాయము తామసమనియే చెప్పినది. మరి ఈ రెండింటిని వేరు పరచుట ఎట్లు? దీనికి ఒక సులభమైన పరీక్ష గలదు. తగ్గినది ఎక్కడ తగ్గినదో చూడవలెను. పొగలో, బూడిదలో, వృథాగా పోవు ఆవిరిలో తగ్గినచో అది ధర్మము. విస్తరిలో, నైవేద్యమున, శ్రామికుని కూలిలో తగ్గినచో అది లోభము. మిగిలిన కట్టె మరునాడు మరి నలుగురికి అన్నమైనచో అది మితము. మిగిలిన కట్టె ధర అధికారి గొప్పలకు లెక్కయైనచో అది మితము కాదు.

ఈ ధర్మమును ఆచరణలో పెట్టుట కష్టము కాదు. వర్షములు రాకమునుపే కట్టెను చిన్నగా చీల్చి, ఎండబెట్టి, చూరు క్రింద పేర్చవలెను. ఎన్ని కిలోల బియ్యమునకు ఎన్ని కిలోల కట్టె గాని ఊక గాని పట్టినదో ప్రతిదినము వ్రాసి ఉంచవలెను. నెల తిరుగునప్పటికి ఆ పుటయే గురువగును. ఎసరు మరిగినంతనే మూత పెట్టి మంట తగ్గించవలెను. పొగ కనబడినపుడు మరియొక కట్టె వేయక, ముందు గాలి దారిని చూడవలెను. పొయ్యి చల్లారిన పిమ్మట బూడిదను చేతిలోనికి తీసికొని చూడవలెను. ఊక బూడిద నల్లగా నున్నచో లోపల బొగ్గు మిగిలినది, గాలి చాలలేదు. తెల్లగా గాని బూడిదరంగున గాని యున్నచో ఇంధనము తన పని పూర్తిగా చేసినది. వంట ముగిసిన పిమ్మట మిగిలిన నిప్పు సెగపై పాలకుండ నుంచిన పెద్దల అలవాటును మరువరాదు. తిరుమలలో 2002లో సూర్యరశ్మి వలన ఆవిరి పుట్టించి వేలమందికి వండు ఏర్పాటును నెలకొల్పుట కూడ ఈ ధర్మమునకు నేటి కాలపు రూపమే. అచ్చటను ఎండను లెక్కించి, ఆవిరిని లెక్కించియే వండవలసియున్నది.

లెక్క భక్తికి విరోధియను భ్రాంతి తొలగవలెను. తులసిదళములను కోయునపుడు అవసరమైన దానికంటె ఎక్కువ కోయరాదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట లోభముతో చెప్పినది కాదు. మొక్కయందు గల ఆదరముతో చెప్పినది. కట్టెయు ఒకనాడు చెట్టే. ఊకయు ఒకనాడు అన్నమును గర్భమున దాచిన కవచమే. వానిని పూర్తిగా వినియోగించి, పొగలేని మంటపై, కన్నీరు లేని చేతులతో వండిన అన్నమును స్వామికి నివేదించి, ఆ ప్రసాదమును నలుగురికి నిండుగా పంచు గృహస్థుడు, ఆలయాధికారి లోభి కానేరడు. అట్టివారి పొయ్యియందు అగ్నిదేవుడు అజీర్ణము లేక, ఆకలి లేక, సముడై ప్రసన్నుడై యుండునుగాక.